గడప దగ్గర గాలి

లైటు ఆపెయ్యమని కేకేశాను. బయట మా మేనల్లుడు స్విచ్చు నొక్కాడు. ఇప్పుడు కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి.

నాలుగో నంబరు గదిలో ఒక్కణ్ణే నిలబడి ఉన్నాను. ఇంకో వారానికి ఇందులో 200 టన్నుల ఆపిల్ పండ్లు పైకప్పు దాకా పేరుకుంటాయి. ఇప్పటికి మాత్రం కడిగిన నేల వాసన, రేకుల వాసన, ఎక్కడో ఒక మూల పోయినేటి పండ్ల తాలూకు తీపి. తలుపు నా ముందే, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉంది. కనపడదు.

"మావయ్యా, తిప్పనా?" తలుపు అవతల నుంచి వాడి గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

"తిప్పరా. పై మూల నుంచి మొదలుపెట్టు. నిదానంగా."

వాడు బయట టార్చిలైటును తలుపు అంచు వెంట నడిపిస్తున్నాడు. లోపల నేను వెలుగు పోగు కోసం వెతుకుతున్నాను. పై అంచు అయింది. కుడి నిలువు అయింది. ఎడమ నిలువు. ఆఖరికి గడప వెంట నేలకు వంగి, దాదాపు బోర్లా పడుకుని చూశాను. ఎక్కడా ఒక్క పోగు కూడా లోపలికి రాలేదు.

చిన్న కిటికీ తలుపులోంచి బయటికి వచ్చేసరికి వాడి మొహం వెలిగిపోతోంది. "పాసయినట్టేగా మావయ్యా?"

ఇంకా కాలేదు. వెలుగు తిన్నగా పోతుంది. గాలి మలుపులు తిరిగి పోతుంది.

ఇది ఠియోగ్. సిమ్లా దాటి హిందుస్థాన్-టిబెట్ రోడ్డు మీద ముందుకు వస్తే తగిలే ఊరు, దాదాపు 2,000 మీటర్ల ఎత్తు. సెప్టెంబరు మొదటి వారం. రోడ్డు మీద కోట్‌ఖాయ్, జుబ్బల్, రోహ్డూ వైపు నుంచి ఆపిల్ లారీలు రాత్రంతా దిగుతూనే ఉన్నాయి. బయట దేవదారు చెట్ల మధ్య పొగమంచు. స్టోరు లోపల నాలుగు గదుల ముందు పొడవాటి వసారా, దాని చివర మెషిన్ రూము. రాత్రి రెండు దాటింది.

నేను పని నేర్చుకున్నది గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో. అక్కడ తలుపుకు ఒకటే పని: చల్లదనం బయటికి పోకుండా, వేడి లోపలికి రాకుండా ఆపడం. కాస్త లీకు ఉంటే కరెంటు బిల్లు పెరుగుతుంది, అంతే. ఈ కొండల్లో సీఏ, అంటే కంట్రోల్డ్ అట్మాస్ఫియర్, స్టోరుకు వచ్చాక తెలిసింది, తలుపు గాలిని కూడా ఆపాలని. కోసిన తరవాత కూడా ఆపిల్ ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ లాక్కుంటుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, ఆ ఊపిరితోనే తన చక్కెరను తనే కరిగించుకుంటూ మెత్తబడుతుంది. చల్లదనం ఆ ఊపిరిని చాలావరకు తగ్గిస్తుంది. ఇంకా తగ్గించాలంటే గాలినే మార్చాలి. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. ఈ గదిలో దాన్ని 2 దగ్గర నిలబెడతాం. మిగిలినదంతా దాదాపు నత్రజనే. కార్బన్ డయాక్సైడ్ ఒకటీ రెండు శాతం, వేడి సున్నాకూ ఒక డిగ్రీకీ మధ్య, తేమ 90కి పైన. అలా ఉంచితే సెప్టెంబరులో కోసిన పండు ఏప్రిల్లో హైదరాబాదు బాటసింగారం మార్కెట్లో పెట్టె విప్పినా కరకరలాడుతుంది. కేంబ్రిడ్జిలో ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ అనే ఇద్దరు 1920ల్లో ఈ లెక్కలు తేల్చారు, 1929లో ఇంగ్లండులోని కెంట్‌లో తొలి వ్యాపార గది లేచింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా యంత్రాలన్నీ మారాయి. తలుపు దగ్గర అవస్థ మాత్రం అదే.

ఎందుకంటే గోడలు ఒకసారి అతికితే అతికినట్టే ఉంటాయి. మొత్తం గదిలో తెరిచి మూసేది ఇదొక్కటే.

దగ్గరికి రండి, చూపిస్తాను. రెండున్నర మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు. రెండు రేకుల మధ్య పఫ్, అంటే పాలీయురెథేన్ ఫోమ్. పైన పట్టా మీద చక్రాలతో పక్కకు జరుగుతుంది. సరిగ్గా మూసే చోట పట్టాలో చిన్న పల్లం ఉంది. చక్రాలు అందులోకి దిగగానే ఇంత బరువు తలుపూ వేలెడు మందం కిందికీ లోపలికీ ఒరిగి ద్వారబంధం మీద కూర్చుంటుంది. ఆ చప్పుడు వినండి. దబ్‌మని కాదు, మెత్తగా, తలగడ మీద చెయ్యి వేసినట్టు. చుట్టూ నాలుగు అంచుల వెంట నల్లటి రబ్బరు గ్యాస్కెట్, లోపల బోలు. ఆపైన చుట్టూరా స్క్రూ క్లాంపులు. కింద ఒక పక్క, తలుపులోనే ఇంకో చిన్న తలుపు, మనిషి వంగి దూరేంత. దానికి దళసరి అక్రిలిక్ కిటికీ. సీజనంతా పండును చూసేది అందులోంచే.

ఈ తలుపు కొన్న రోజు నాకు బాగా గుర్తు. యజమాని బల్ల మీద మూడు కొటేషన్లు పెట్టి ధరలు చూపించాడు. ధర తరవాత చూద్దాం సార్, ముందు ముగ్గురినీ జానెడు గ్యాస్కెట్ ముక్క పంపమనండి అన్నాను. వచ్చిన ముక్కల్ని బొటనవేలితో నొక్కి వదిలాను. ఒకటి వెంటనే పైకి లేచింది. ఒకటి కాసేపటికి లేచింది. మూడోది నా వేలి గుర్తు ఉంచుకుంది. తరవాత మూలలు చూశాను. రబ్బరును మూల దగ్గర కోసి జిగురుతో అంటిస్తే రెండు సీజన్లకు నోరు తెరుస్తుంది. వేడి మీద కరిగించి ఒకే ముక్కగా అతికిన మూల అయితే నిలుస్తుంది. మూడు కొటేషన్లలో చవకైనది అసలు సీఏ తలుపే కాదు, మామూలు కోల్డ్ స్టోరేజీ తలుపు, ఒక పక్క గడియ. గడియ లాగితే ఆ ఒక్క పక్కే బిగుస్తుంది, తక్కిన మూడు పక్కలూ దేవుడి దయ. చలికి అది చాలు. గాలికి చాలదు.

అన్నిటికన్నా ఎక్కువసేపు నేను అడిగింది ద్వారబంధం గురించి. తలుపుకూ బంధానికీ మధ్య సందు అందరూ చూస్తారు. బంధానికీ గోడకూ మధ్య అతుకు ఎవరూ చూడరు, పైన అందమైన పట్టీ కొట్టి ఉంటుంది కనక. ఎన్ని స్టోర్లలోనో లీకు అక్కడే దొరికింది నాకు. ఇంకొకటి గడప. ఫోర్క్‌లిఫ్టు రోజూ వందసార్లు తొక్కే గడప ఏ లోహంతో చేశారు, కింద కాంక్రీటులోకి ఎంత లోతు దిగింది, ఇది అడగకుండా తలుపు కొనకండి. రంగు రేకు కోసిన అంచు దగ్గర ఇంత తేమలో తుప్పు పట్టి తీరుతుంది. అక్కడ స్టెయిన్‌లెస్ కావాలి. కొనేటప్పుడే ఒక తలుపుకు సరిపడా గ్యాస్కెట్ అదనంగా తెప్పించుకుని, మడత పెట్టకుండా, చుట్ట చుట్టి నీడన పెట్టుకోవాలి. సీజను మధ్యలో తెగితే ఈ కొండ మీదికి కొరియరు వచ్చేలోపు కొంప మునుగుతుంది.

సరే, ఇక అసలు పరీక్ష.

క్లాంపులు బిగిస్తున్నాను. మొదట అన్నీ వేలి బిగువుకు. తరవాత ఎదురెదురుగా: ఎడమ పైన, కుడి కింద, కుడి పైన, ఎడమ కింద. డప్పు చర్మం లాగినట్టు. ఒక పక్కే బిగించుకుంటూ పోతే రెండో పక్క రబ్బరు లేచి కూర్చుంటుంది. మా వాడికి చేతిలో బలం ఎక్కువ, స్పానర్ మీద ఒరిగిపోతున్నాడు. "ఆపరా. రబ్బరు మూడోవంతు అణగాలి, చితకకూడదు."

గదికి ఒక గొట్టం ఉంటుంది, లోపలి ఒత్తిడి ఎక్కువైనా తక్కువైనా నీళ్ళలోంచి బుడబుడమని గాలి మారేటట్టు. పరీక్ష కోసం దాన్ని బిరడాతో మూశాను. బిరడాకు మూరెడు ఎర్ర గుడ్డ కట్టి ఉంది. అలాంటి గుడ్డే ఇంకో ముక్క నా ఎడమ మణికట్టుకు కట్టుకున్నాను. ఎందుకో తరవాత చెప్తాను.

మెషిన్లు, ఫ్యాన్లు అన్నీ ఆపించాను. వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని ఊదే వైపు తగిలించి గదిలోకి గాలి పంపుతున్నాం. గోడ మీద యూ ఆకారం గాజు గొట్టంలో నీలం ఇంకు కలిపిన నీళ్ళు. ఒక కాలులో మట్టం దిగుతోంది, రెండో కాలులో లేస్తోంది. తేడా పది మి.మీ... పద్దెనిమిది... ఇరవై ఐదు. 250 పాస్కల్‌లు. వాల్వు మూసి, గడియారం చూశాను. 2:40.

ఇరవై ఐదు మి.మీ. నీళ్ళంటే చిన్న మాటలా ఉంటుంది. చదరపు మీటరుకు 25 కిలోలు. ఈ తలుపు ఏడున్నర చదరపు మీటర్లు. అంటే ఇప్పుడు లోపల నుంచి దాదాపు 190 కిలోల బరువు దీన్ని బయటికి తోస్తోంది. ఆ తేడా సగానికి, పన్నెండున్నరకు, దిగడానికి కనీసం అరగంట పట్టాలి. అంతకంటే ముందే దిగితే గదిలో లీకు ఉన్నట్టు.

ఇంత రాత్రి ఎందుకని వాడు సాయంత్రమే అడిగాడు. గది గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే ఈ ఎత్తులో గొట్టంలో 27, 28 మి.మీ. తేడా వస్తుంది, మేం పెట్టిన ఒత్తిడి కన్నా ఎక్కువ. పగలు ఎండ గోడను తాకిందా, లీకు ఉన్న గది కూడా పాసయినట్టు కనిపిస్తుంది. మబ్బు కమ్మిందా, మంచి గది కూడా ఫెయిలవుతుంది. తెల్లవారుజాముకు ముందు రెండు మూడు గంటలే గది నిజం చెప్పే వేళ.

నీలం గీత దిగుతోంది. ఇరవై రెండు. ఇరవై. మా వాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. పదిహేడు. పదిహేను. 2:51కి పన్నెండున్నర.

పదకొండు నిమిషాలు.

మళ్ళీ గాలి నింపాం. ఈసారి సబ్బు నీళ్ళు, బ్రష్షు. ద్వారబంధం అతుకు వెంట నురగ పూస్తూ వెళ్ళాను. ఏమీ లేదు. కేబుళ్ళు, పైపులు గోడలోకి దూరే చోట్లు. ఏమీ లేదు. కిటికీ తలుపు చుట్టూ. ఏమీ లేదు. వసారా అంతా నిశ్శబ్దంగా ఉంది, లారీలు కూడా కాసేపు ఆగాయి. నేల మీద కూర్చుని గడప దగ్గర చెవి పెట్టాను. ఉంది. పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే చప్పుడంత సన్నంగా. చెయ్యి తడిపి అక్కడ పెడితే ఎడమ మూల దగ్గర చల్లగా తగిలింది.

నురగ రాశాను. జొన్నగింజంత బుడగ లేచింది, పగిలింది, ఇంకోటి లేచింది.

ఒత్తిడి వదిలేసి తలుపు తీయించాను. సుద్దముక్కతో ద్వారబంధం చుట్టూ, గడప మీదా గ్యాస్కెట్ కూర్చునే చోట గీత గీశాను. మళ్ళీ మూసి, బిగించి, తీశాను. ఇప్పుడు నల్ల రబ్బరు మీద సుద్ద అచ్చు పడింది. పైన చక్కటి తెల్ల పట్టీ. పక్కల చక్కటి పట్టీ. కింద కుడి నుంచి ఎడమకు వస్తూ వస్తూ పలచబడి, మూలకు జానెడు దూరంలో మాయమైంది.

"తగులుతోంది గదా మావయ్యా. అందుకేగా లైటు రాలా."

"తగలడం వేరు, అణగడం వేరురా. వెలుగుకు తగిలితే చాలు. గాలి తోసుకుని పోతుంది."

రబ్బరు మీద తప్పు లేదు, నొక్కితే పైకి లేస్తోంది. ఇనుప బద్ద గడప మీద అడ్డంగా పెట్టి చూశాం. ఎడమ కొస రెండు మి.మీ. దిగి ఉంది. ఫోర్క్‌లిఫ్టు మలుపు తిరిగే పక్క అది. పోయిన సీజనంతా చక్రం అక్కడే ఎక్కి, కింద బోల్టులు వదులయ్యాయి. రెండు మి.మీ., ఒక జానెడు పొడవు. దీన్ని చూడకుండా గది నింపేసి ఉంటే యంత్రం రాత్రీ పగలూ నత్రజని తోస్తూనే ఉండేది, ఆక్సిజన్ రెండుకు దిగేది కాదు, ఫిబ్రవరికల్లా పండు పిండిపిండిగా అయ్యేది. నిజానికి బిగువైన గదిలో కష్టం దీనికి ఎదురు. పండ్లే ఉన్న ఆక్సిజన్ తాగేస్తుంటాయి, మనమే కాస్త గాలి అందించాలి. అందించకపోతే లోపల పులిసి సారా వాసన పడుతుంది.

తెల్లారాక గడప రేకు ఎత్తి, కింద శుభ్రం చేసి, పలకలు పెట్టి మట్టం చేసి, సీలెంటు నింపి బోల్టులు బిగించాం. అది ఆరేదాకా ఆ గది దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. ఆ పగలంతా గ్యాస్కెట్ తుడవడం మా వాడికి అప్పగించాను. గోరువెచ్చటి నీళ్ళు, కాస్త సబ్బు, మెత్తటి గుడ్డ. వాడు వాజిలిన్ డబ్బా తెస్తుంటే ఆపాను. చాలామంది చేసే పొరపాటే. ఈ రబ్బరు ఈపీడీఎం అనే రకం. వాజిలిన్, కిరోసిన్, మెషిన్ గ్రీజు ఏది తగిలినా ఉబ్బి మెత్తబడిపోతుంది. దీనికి సిలికాన్ గ్రీజే రాయాలి, అదీ వేలికి అంటీ అంటనట్టు. సీజను అయిపోయి గది ఖాళీ అయ్యాక క్లాంపులు వదులు చేసి తలుపు ఓరగా ఉంచమని ప్రతి ఏడూ చెప్తాను. నాలుగు నెలలు ఖాళీ గదికి బిగించి ఉంచితే రబ్బరు అణిగినచోటే అణిగిపోతుంది, మళ్ళీ లేవదు.

మర్నాటి రాత్రి అదే వేళ. అదే నీలం గీత. ఇరవై ఐదు దగ్గర వాల్వు మూశాం. పది నిమిషాలకు ఇరవై. ఇరవై నిమిషాలకు పదహారు. ముప్ఫై నిమిషాలు దాటాక కూడా పదమూడు మీదే ఉంది. ముప్ఫై మూడో నిమిషంలో పన్నెండున్నర తాకింది. మా వాడు లేచి చప్పట్లు కొట్టబోయాడు. నేను మణికట్టు మీది ఎర్ర గుడ్డ చూసుకుని, వెళ్ళి బిరడా లాగాను. అది ఊడి వచ్చింది. గొట్టంలో నీళ్ళు బుడబుడమన్నాయి.

చాలా ఏళ్ళ కిందట, వేరే ఊళ్ళో, వేరే స్టోరులో, పరీక్ష పాసయిందన్న సంతోషంలో ఆ బిరడా తియ్యడం నేను మర్చిపోయాను. రాత్రికి గదిని ముందుగా చల్లబరుద్దామని మెషిన్ వేశారు. గాలి చల్లబడింది, ముడుచుకుంది, బయటి నుంచి రావడానికి దారి లేదు. నాలుగు డిగ్రీలు దిగితే చాలు, ప్రతి చదరపు మీటరు మీదా నూరు కిలోల పైన పడుతుంది. పొద్దున్నే వెళ్ళేసరికి గోడ ప్యానెళ్ళు లోపలికి వంగి, అతుకులు విచ్చుకుని ఉన్నాయి. మనిషికి ఏమీ కాలేదు. ఆ సీజనుకు ఆ గది లేకుండా పోయింది, దాని మీద ఆశ పెట్టుకున్న రైతులు పండ్లను వచ్చిన రేటుకు అమ్ముకున్నారు. అప్పటి నుంచి ఈ గుడ్డ.

ఆ వారమంతా గది నిండింది. కోట్‌గఢ్ వైపు నుంచి కూడా లోడు వచ్చింది. అమెరికా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన శామ్యూల్ స్టోక్స్ నూరేళ్ళ కిందట తన దేశపు రెడ్ డెలిషస్ ఆపిల్ మొక్కలు నాటిన కొండలవి. ఎర్రటి పండ్లు, క్రేటు మీద క్రేటు. స్టోరు చౌకీదారు పెద్దాయన తన తోట పండ్లు కూడా అరవై క్రేట్లు పెట్టుకున్నాడు, ప్రతి క్రేటు అంచునా పసుపు పెయింటు చుక్క. కిటికీకి ఎదురుగా కనిపించేటట్టు పేర్పించాను.

ఆఖరి క్రేటు లోపలికి పోయి, పండు చల్లబడ్డాక ముందు అన్ని మూలలా తిరిగి కేకలు వేశాను. లోపల ఎవరూ లేరని నా కళ్ళతో నేనే చూసుకోవాలి, ఇది ఇంకొకరికి అప్పగించే పని కాదు. తరవాత తలుపు కూర్చోబెట్టి, ఎదురెదురుగా బిగించి, మళ్ళీ చుట్టూ నురగ పూసి చూసి, తాళం వేసి, ఎర్ర బోర్డు తగిలించాను. మా వాణ్ణి బోర్డు ముందు నిలబెట్టి చెప్పాను.

"లోపల ఇప్పుడు కంపు ఉండదు. పొగ ఉండదు. ఉక్కపోత కూడా ఉండదు. ఆక్సిజన్ తగ్గితే ఒంటికి తెలియదురా. కార్బన్ డయాక్సైడ్ పెరిగితేనే ఊపిరాడనట్టు అనిపిస్తుంది, దాన్ని మనం తీసేస్తున్నాం. రెండు గుక్కలు పీల్చేలోపు పడిపోతావు. నువ్వు పడిపోతే నేను తీయడానికి దూకుతాను, నేనూ పడిపోతాను. అందుకని కిటికీ తలుపులోంచి పండు తియ్యాలంటే ఇద్దరు ఉండాలి, కొక్కెంతో లాగాలి. తల లోపల పెట్టావంటే మీ అమ్మకు నేను సమాధానం చెప్పుకోలేను."

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పెట్టను మావయ్యా," అన్నాడు.

నత్రజని యంత్రం ఆక్సిజన్‌ను ఐదు దాకా దింపింది. మిగతా పని పండ్లే చేసుకున్నాయి. నాలుగు, మూడున్నర, రెండున్నర. ఇప్పుడు మీటరు మీద 2.1.

పొద్దున ఆరు. పెద్దాయన టీ గ్లాసులు తెచ్చి, ముందు కిటికీకి మొహం ఆనించి లోపల లైటు వేయించుకున్నాడు. పసుపు చుక్కలు లెక్కపెట్టుకుని తృప్తిగా తల ఊపాడు. వసారా పైకప్పు కింద గది తాలూకు గాలి సంచి వేలాడుతోంది, పెద్ద దిండులా. గది ముడుచుకుంటే అది గాలి ఇస్తుంది, ఉబ్బితే తీసుకుంటుంది. తలుపు మీద బరువు పడకుండా రోజంతా అదే సర్దుకుంటుంది.

మా వాడు రిజిస్టరు రాస్తూ ఆగి పైకి చూశాడు. లేచి వెళ్ళి గది వేడి మీటరు చూసి వచ్చాడు. మళ్ళీ సంచి వంక చూశాడు.

"మావయ్యా, రాత్రికీ ఇప్పటికీ వేడి మారలా. సంచి మాత్రం ఉబ్బింది. అంటే బయట గాలి బరువు తగ్గిందిగా? వాన వస్తదా?"

పెద్దాయనకు తెలుగు రాదు. వాడి వేలు ఎటు చూపిస్తోందో చూసి, తలుపు దాటి బయటికి వెళ్ళి ఆకాశం చూశాడు. టీ తాగడం అయిపోకముందే రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.